మొహానికి నీడ, కాళ్ళకి ఎండ

ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో నాకు మొటిమలు వచ్చాయి. రావాల్సిన వయసులో రాలేదు. ఇంటర్‌లో నా బెంచీ వాళ్ళంతా మొహాలకి ఏవేవో రాసుకుని వస్తుంటే నేను మాత్రం నున్నటి బుగ్గలతో కూర్చునేదాన్ని. ఆ ఘనతంతా తను నలుగు పెట్టే సున్నిపిండిదేనని మా అమ్మ బందరు బందరంతా చెప్పుకుంది. అన్నేళ్ళ తర్వాత గడ్డం కింద ఒకటి లేచింది. దాని వెనకే దవడ పొడుగునా, ఎర్రగా, ముట్టుకుంటే నొప్పెట్టేలా మిగతావన్నీ వచ్చాయి. నాన్న అన్నం తింటూ తలెత్తి చూసి, "దోమలు ఎక్కువయ్యాయి కదూ" అన్నారు. అమ్మ మాత్రం కంచం వదిలేసి వచ్చి నా గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పింది.

అప్పటికి నేను హైదరాబాదు వదిలి ఇంటికొచ్చేసి రెండేళ్ళవుతోంది. కంపెనీ ఇంటి నుంచే పని చేసుకోమంది. మేడ మీది గది నా ఆఫీసు. ఏసీ, మూసిన కిటికీ, కంప్యూటర్ తెర మీద వెలుగు పడకుండా మందపాటి కర్టెను. పొద్దున్నే కాఫీతో లోపలికి వెళ్తే చీకటి పడ్డాక బయటికొచ్చేదాన్ని. మధ్యాహ్నం అన్నానికి మెట్లు దిగడమే నా ప్రయాణం. ఎప్పుడైనా స్కూటీ మీద బజారుకి వెళ్ళాల్సొస్తే అమ్మ నా మొహానికి చున్నీ చుట్టి, మోచేతుల దాకా తొడుగులు వేయించి, నల్ల కళ్ళజోడు పెట్టి మరీ పంపేది. ఆ వేషంలో నేను బ్యాంకు మెట్లెక్కితే గేటు దగ్గరాయన తుపాకీ సర్దుకునేవాడు. అమ్మకి పామన్నా అంత భయం లేదు, ఎండంటే భయం. "నల్లబడటం ఒక్కరోజు పనే. మళ్ళీ తెల్లబడాలంటే ఎవరి తరం?" అనేది.

మొటిమల మీద మొదటి యుద్ధం వంటింట్లోంచి జరిగింది. పసుపు, వేపాకు, గంధం, శనగపిండి, పెరుగు. ఒక పూట వంటకి కావలసినవన్నీ నా మొహం మీదే ఉండేవి. ఒకరోజు కడుక్కోవడానికి తీరిక లేక అలాగే వీడియో కాల్‌లో కూర్చుంటే, "మీ కెమెరా పాడైనట్టుంది, పచ్చగా కనిపిస్తున్నారు" అన్నాడు మేనేజరు. ఆ తర్వాత నేను కెమెరా పెట్టడం మానేశాను. నవ్వుకుంటూ చెప్తున్నాను గానీ అప్పుడు నవ్వు రాలేదు. పళ్ళు తోముకునేటప్పుడు కూడా అద్దం వైపు చూడకుండా గోడ చూసేదాన్ని. పేరంటాలకి రమ్మంటే తలనొప్పనేదాన్ని. పైగా ఊరికే అలసట. మెట్లెక్కితే పిక్కలు లాగేవి. పనెక్కువై అలా ఉందిలే అనుకున్నాను.

చివరికి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్దామంది అమ్మ. అయితే బందర్లో కాదు, గుడివాడలో.

"ఇక్కడ లేరా డాక్టర్లు?" అన్నాను.

"ఉన్నారు. వాళ్ళ వరండాల్లో మనవాళ్ళూ ఉంటారు. ఈ పిల్లకి ఏం చర్మరోగమోనని ఊరంతా అనుకోవాలా?"

అలా పొద్దున్నే బస్సెక్కి గుడివాడ వెళ్ళాం. ఆసుపత్రి వరండాలోకి అడుగుపెట్టేసరికి మొదటి బెంచీ మీద మా వెనకవీధి పిన్నిగారు కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి ఆవిడ వారపత్రిక మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పత్రిక తలకిందులుగా ఉంది. అమ్మ కాసేపు గోడమీది క్యాలెండర్ చదివింది. కానీ ఖాళీ ఉన్నది ఆవిడ పక్కనే.

"ఇక్కడెవరో చుట్టాలుంటే చూసి పోదామని వచ్చామండీ" అంది అమ్మ కూర్చుంటూ.

"మేమూ అంతేనండీ" అన్నారావిడ.

చర్మం డాక్టరు ఆసుపత్రిలో, చేతుల్లో టోకెన్లు పట్టుకుని, లేని చుట్టాల క్షేమసమాచారాలు ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

డాక్టరమ్మ నాకంటే కొంచెం పెద్దదై ఉంటుంది. నెమ్మదైన మనిషి. ప్రశ్నలు నన్నే అడిగింది, సమాధానాలు మాత్రం అమ్మ ఇచ్చింది.

"నిద్ర సరిగ్గా పడుతోందా?"

"పడుకుంటుందండీ. నిద్రపోదు."

"ఎండలోకి వెళ్తారా?"

"అసలు వెళ్ళనివ్వనండీ!" అంది అమ్మ గర్వంగా.

డాక్టరమ్మ రాస్తున్నదల్లా ఆగి తలెత్తింది. అలసట, పిక్కల నొప్పుల సంగతి అప్పుడు నేను చెప్పుకున్నాను. రక్తపరీక్షలు చేయించమంది. మరుసటి వారం ఫలితాలతో వెళితే, ఆడవాళ్ళకి ఈ వయసులో మొటిమలొచ్చే కారణాల కోసం చూసినవన్నీ బాగానే ఉన్నాయి. విటమిన్ డి మాత్రం ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు.

అమ్మకి దొంగ దొరికినట్టయింది. "అదన్నమాట! డి లేక మొటిమలొచ్చాయి."

"అలా అనలేమండీ" అంది డాక్టరమ్మ. "మొటిమలున్నవాళ్ళలో చాలామందికి డి తక్కువగా కనిపిస్తోంది, నిజమే. ఒంట్లో వాపునీ ఎరుపునీ అదుపులో పెట్టడానికి డి సాయపడుతుంది కాబట్టి రెండిటికీ సంబంధం ఉండొచ్చు. కానీ డి తగ్గినందువల్లే ఇవి వచ్చాయని ఇంకా తేలలేదు. ఈ రోజుల్లో మొటిమలు లేనివాళ్ళలో కూడా చాలామందికి తక్కువే ఉంటోంది. మీ అమ్మాయికి తక్కువుంది గనక ఎటూ సరిచెయ్యాలి. అలసటకీ మంచిది. మొటిమలకి మందు వేరే ఇస్తాను."

అమ్మ చెవిలో మొదటి ముక్క దాకానే పడిందని నాకు తెలిసిపోయింది. తర్వాతదంతా తల ఊపుతూ విన్నది గానీ కళ్ళు అప్పటికే ఎండ కోసం కిటికీ వైపు వెళ్ళాయి.

మందులు మూడు రకాలు. వారానికొకసారి పాలల్లో కలుపుకు తాగే పొడి. రాత్రి మొహానికి రాసుకునే క్రీము. ఆ క్రీముతో చర్మం నాజూకవుతుందట, అందుకని పగలు మొహానికి ఎండ తగలకుండా రాసుకునేది ఇంకోటి. అంతా అయ్యాక డాక్టరమ్మ అంది, "రోజూ కాసేపు ఎండలో కూర్చోండి. మొహం కప్పుకుని, చేతులకీ కాళ్ళకీ మాత్రం తగలనివ్వండి."

"లేత ఎండేగా?" అంది అమ్మ.

"లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ డి కి పెద్దగా పనికిరాదండీ. పొద్దు నడినెత్తికి వచ్చే వేళ కాసేపు చాలు. చర్మం కందేదాకా ఉండకూడదు."

ఇరవై తొమ్మిదేళ్ళు నన్ను ఏ ఎండ నుంచి దాచిందో ఆ ఎండలోకే పంపమని డాక్టరు చెప్పేసరికి అమ్మ మొహం పాలిపోయింది. బస్సులో పామర్రు దాటేదాకా నాకు ఎండ తగలకుండా కొంగు అడ్డం పట్టుకుంది. దాటాక, "డాక్టరు చెప్పాక తప్పుతుందా" అని నిట్టూర్చింది. అంతటితో దిగులు పడటం అయిపోయింది, పెత్తనం మొదలైంది.

మర్నాడు అన్నాల వేళకి ముందు మేడ మీద వడియాల పక్కన చాప పరిచింది. పంచెలాంటి పెద్ద తువ్వాలు నా తలకీ మొహానికీ చుట్టి కళ్ళకి మాత్రం సందు ఉంచింది. చేతులు మోచేతుల పైదాకా, పైజామా మోకాళ్ళ దాకా మడిపించింది. తను నీడలో, మెట్ల గది గుమ్మంలో పీట వేసుకుంది.

"అటు తిరుగు. కుడి చెయ్యికి తక్కువ తగిలింది."

అప్పడం కాల్చినట్టు నన్ను తిప్పుతూ ఉండేది. ఒక లాభం మాత్రం జరిగింది. ఆ వారమంతా వడియాల మీద ఒక్క కాకి వాలలేదు.

మూడోనాడో నాలుగోనాడో వెనకవీధి పిన్నిగారు వాళ్ళ డాబా మీద బట్టలు ఆరేస్తూ మమ్మల్ని చూశారు. "అమ్మాయికేమైందండీ?" అని కేకేశారు. అమ్మ ఇక్కణ్ణించి, "డి తగ్గిందండీ! ఎండ పెట్టిస్తున్నాం!" అని కేకేసింది. మధ్యలో ఎవరిదో మిక్సీ మోగుతోంది. ఆవిడకి ఏం వినబడిందో తెలీదు గానీ, సాయంత్రం పాలు పోయడానికొచ్చినావిడ గుమ్మంలోనే ఆగి గొంతు తగ్గించి, "అమ్మాయిగారికి గాలి సోకిందంట కదండీ? మా ఊళ్ళో ఒకాయన తాయెత్తు కడతాడు, మంచి హస్తవాసి" అంది. కాసేపటికి నాన్న కొట్టు నుంచి పెందలాడే వచ్చేశారు. ఆయనకి చిలకలపూడిలో రోల్డు గోల్డు నగల కొట్టుంది. "మీ మేడ మీద ఎవరో ముసుగేసుకుని కూర్చున్నారని ఇద్దరు ఫోన్ చేశారు. పోలీసులకి చెప్పమంటారా అని అడిగాడొకడు" అన్నారు.

ఇక మేడ పనికిరాదని అమ్మ తేల్చేసింది. మనల్ని ఎరగని మనుషులుండే చోటు కావాలి. నాచేత సెలవు పెట్టించి, ఒక పనిరోజు ఆటో మాట్లాడి మంగినపూడి సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళింది.

చలికాలం కాబట్టి మధ్యాహ్నం కూడా ఎండ భరించేలాగే ఉంది. జనం స్నానాలు చేసే చోటు కాకుండా, పడవలు ఒడ్డుకి లాగి ఉన్న వైపు కాస్త దూరం నడిచాం. అమ్మ ఇసకలో పేపరు పరుచుకుని గొడుగు వేసుకుంది. నన్ను ఆవిడకి ఎదురుగా ఎండలో కూర్చోబెట్టింది. తువ్వాలు ముసుగు, మడిచిన చేతులు, మడిచిన పైజామా. సముద్రం వైపు చూద్దామంటే వీపుకి తప్ప దేనికీ ఎండ తగలదంది. అందుకని అమ్మనే చూస్తూ కూర్చున్నాను.

కాస్త అవతల ఒకావిడ వల మీద చేపలు ఆరబెడుతోంది. మమ్మల్ని చూసింది. మళ్ళీ చూసింది. చేతులు దులుపుకుని లేచి వచ్చింది.

"ఏవమ్మా, ఈ పిల్ల నీ కూతురేనా?"

"అవును" అంది అమ్మ.

"కన్న కూతురేనా?"

"అదేం మాట!"

"మరి నువ్వేమో గొడుగు కింద కూకున్నావు, పిల్లనేమో ఎండలో పడేశావు. మొకం కూడా కప్పెట్టేశావు. ఏం తప్పు సేసిందని? ఎవుణ్ణన్నా పేమించిందా?"

నాకు తువ్వాలు లోపల నవ్వు ఆగలేదు. శబ్దం రాకుండా ఆపుకుంటే భుజాలు అదిరాయి. ఆవిడకి అది ఏడుపులా కనిపించింది. వచ్చి నా పక్కన కూలబడి వీపు మీద చెయ్యేసింది. ఆ చెయ్యి ఎండుచేపల వాసన.

"ఏడవకే తల్లీ. నీకు ఎవురిష్టవైతే వోణ్ణే సేసుకో. ఏం సేత్తారో నేనూ సూత్తాను."

ఆ మాటకి భుజాలు మరీ అదిరాయి. అంతలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు గంపలతో సహా వచ్చారు. ముగ్గురూ అమ్మ చుట్టూ నిలబడ్డారు. అమ్మ గొడుగు కర్రని రెండు చేతులతో పట్టుకుని, "అయ్యో, మీరనుకునేది కాదమ్మా. దీనికి డి విటమిన్ లేదు!" అంది.

"లేపోతే కొనిపెట్టు! పిల్లని కాల్చుకు తింటావా?"

ఇంక లాభం లేదని నేను తువ్వాలు విప్పేశాను. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళొచ్చి ఉన్నాయి, దాంతో అనుమానం పూర్తిగా పోలేదు. నా దవడ చూపించి, డాక్టరు చెప్పిందంతా చెప్పాను. మొదటావిడ నా గడ్డం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఓస్, మొటిమలా! పెళ్ళైతే అయ్యే పోతాయి."

"అదే నేనూ అంటున్నాను!" అంది అమ్మ.

అంతే, సంధి కుదిరిపోయింది. తర్వాత నలుగురూ కలిసి నా పెళ్ళి గురించి మాట్లాడుకున్నారు. నేను మళ్ళీ తువ్వాలు చుట్టుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ గొడుగు ముడిచి ఒళ్ళో పెట్టుకుంది. "నిజంగా సవతితల్లిలా కనిపించానా?" అంది.

"గొడుగు కింద కూర్చుని అటు తిరుగు ఇటు తిరుగు అంటే ఎవరైనా అలాగే కనిపిస్తారమ్మా."

"అయితే రేపట్నుంచి నేనూ ఎండలో కూర్చుంటాలే" అంది మొహం ముడుచుకుని. ఇంటి ముందు ఆటో దిగబోయి, మోకాలు పట్టేసి, "అబ్బా" అని మళ్ళీ సీట్లో కూలబడింది. ఆ మోకాళ్ళ నొప్పులు తనకి ఎప్పట్నుంచో ఉన్నాయి. వయసొచ్చిందిగా అనేది. నాకెందుకో అప్పుడు అనుమానం తట్టింది. తర్వాతసారి గుడివాడ వెళ్ళినప్పుడు డాక్టరమ్మకి చెప్పి అమ్మకి కూడా పరీక్ష చేయించాను. వద్దు వద్దంటూనే చెయ్యి చాచింది.

ఫలితం వచ్చింది. అమ్మకి డి నాకంటే తక్కువ.

డాక్టరమ్మ బల్లకి ఇవతల మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం. యాభై ఆరేళ్ళ మా అమ్మ మొహం వెన్నముద్దలా ఉంటుంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మొటిమ ఎరగదు.

"డి లేకపోతే మొటిమలొస్తాయన్నావుగా?" అన్నాను. "మరి నీవేవి?"

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత మొహం వెలిగిపోయింది. "సున్నిపిండి" అంది.

డాక్టరమ్మ కలం కింద పెట్టి మరీ నవ్వింది. "అందుకేనండీ నేను మొదటే అన్నాను. డి ఒక్కటే అయితే ముందు మీకు రావాలి. తత్వం ఉంటుంది, ఒత్తిడి ఉంటుంది, అలవాట్లుంటాయి. తలకి నూనె రాస్తారా?"

"రోజూ రాత్రి నేనే పట్టిస్తానండీ. కంప్యూటరు వేడికి మంచిదని" అంది అమ్మ. ఆ నూనె చెంపల మీదుగా కారి తలగడ తడిసిపోయేది. అదొక రోజు రెండు రోజులు కాదు, బందరు వచ్చినప్పట్నుంచీ.

"అది మానెయ్యండి. ఇంకోటి, ఎప్పుడూ అలా చెయ్యి గడ్డానికి ఆనించుకునే కూర్చుంటారా?" అంది నా వైపు తిరిగి. నేను చప్పున దవడ మీంచి చెయ్యి తీశాను. రోజంతా కంప్యూటర్ ముందు నేను కూర్చునేది అలాగే. ఎడమ వైపే మొటిమలు ఎక్కువెందుకో నాకప్పటిదాకా తట్టలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఇద్దరం రోగులం. వారానికొకసారి ఇద్దరం పాలగ్లాసులు ఎదురెదురుగా పెట్టుకుని పొడి కలుపుకునేవాళ్ళం. వారానికొకటంటే మరీ పిసినారితనంగా ఉంది, రోజూ వేసుకుంటే త్వరగా తగ్గదా అని అమ్మ ఒకసారి అడిగితే, ఎక్కువైతే అది కూడా విషమేనని డాక్టరమ్మ ఫోన్లోనే కేకలేసింది. మేడ మీద చాప కాస్త పెద్దది పరిచాం. ఇప్పుడు రెండు ముసుగులు. వెనకవీధి పిన్నిగారు కొన్నాళ్ళు చూసి, ఒకరోజు తనూ పీట తెచ్చుకుని వాళ్ళ డాబా మీద చేతులు చాపుకుని కూర్చున్నారు. ఎందుకని మేం అడగలేదు. ఎవరి చుట్టాలు వాళ్ళకుంటారు.

నెమ్మదిగా దవడ చల్లబడింది. ముందు నొప్పి పోయింది, తర్వాత ఎరుపు. మచ్చలు మాత్రం ఉన్నాయి, ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. మళ్ళీ పరీక్ష చేయిస్తే డి ఇద్దరికీ మామూలుకి వచ్చింది. మెట్లెక్కితే పిక్కలు లాగడం లేదు. మొటిమలు తగ్గింది క్రీము వల్లనా, నూనె మానినందుకా, గడ్డం మీద చెయ్యి తీసినందుకా, డి వల్లనా అని డాక్టరమ్మని అడిగితే, "అన్నీ ఒకేసారి చేశారు కదా, ఏదని చెప్పను?" అంది. అమ్మకి మాత్రం ఏ సందేహమూ లేదు. మోకాళ్ళు తేలికపడ్డాయి కాబట్టి ఎండని పూర్తిగా క్షమించేసింది.

మాఘమాసంలో దివిసీమ వెళ్ళాం. అవనిగడ్డ దాటాక అమ్మ పుట్టిన ఊరు. మావయ్య చేలో మినుము పీకుతున్నారు. మధ్యాహ్నం అమ్మా నేనూ అన్నం క్యారియరు పట్టుకుని చేలోకి వెళ్ళి గట్టు మీద కూర్చున్నాం. నేను అలవాటు చొప్పున మొహం కప్పుకుని చేతులు మడిచాను. అమ్మ కూడా.

మావయ్య చూసి పకపకా నవ్వాడు. "ఇదేంటే చెల్లాయ్, ఎండలో కూర్చున్నావు?" అన్నాడు. "చిన్నప్పుడు ఈ గట్లంబడే ఉండేది మీ అమ్మ" అన్నాడు నాతో. "పొద్దుగూకులూ ఎండలో తిరిగి కమిలిపోయేది. కాకిపిల్లా, కాకిపిల్లా అనేవాళ్ళం."

"అనేవాళ్ళం కాదు" అంది అమ్మ. "నువ్వే మొదలెట్టావు. తర్వాత ఊరంతా అంది."

నవ్వుతూనే అంది. కానీ మావయ్య నవ్వు ఆగిపోయింది. కండువాతో మెడ తుడుచుకుని, "చిన్నతనం కదే" అన్నాడు. అమ్మ క్యారియరు గిన్నెలు విప్పింది. నా స్కూటీ తొడుగులూ చున్నీలూ కళ్ళజోళ్ళూ ఎక్కణ్ణించి వచ్చాయో నాకు అప్పుడు అర్థమైంది. అమ్మ బుగ్గలని ఎప్పుడూ చూస్తూనే ఉన్నాను గానీ, అంత ఇష్టంగా ఎప్పుడూ చూడలేదు.

మినుము పీకేవాళ్ళు అన్నాలకి వచ్చారు. ఆడవాళ్ళంతా చీరల మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, తలలకి తువ్వాళ్ళు చుట్టుకుని ఉన్నారు. మా పక్కనే గట్టున కూర్చున్నారు. ఒకావిడ నా చేతులు చూసి, "మేం ఎండకి దాక్కుంటంటే నువ్వు దాన్ని ఎతుక్కుంటున్నావేంటమ్మా?" అంది.

అమ్మ మొదలెట్టింది. మొహానికి ఎందుకు తగలకూడదో, చేతులకి ఎందుకు తగలాలో, లేత ఎండ ఎందుకు పనికిరాదో. ఒక్క ముక్క తప్పు లేకుండా చెప్పింది. "అది తక్కువైతే మొటిమలొస్తాయాండీ?" అని అడిగింది ఒక పిల్ల. "వస్తాయో రావో డాక్టర్లకే తెలీదమ్మా. నాకు తక్కువే, నాకు రాలేదు. మోకాళ్ళు మాత్రం పట్టేశాయి" అంది అమ్మ.

మోకాళ్ళ మాట వినగానే వాళ్ళల్లో పెద్దావిడ అన్నం కలపడం ఆపింది. కుడిచెయ్యి తుడుచుకుని, ఎడంచేతి మీది చొక్కా గుండీ విప్పి, మోచెయ్యి పైదాకా మడిచి, ఆ చేతిని గట్టు మీద ఎండలోకి చాపింది. మిగతావాళ్ళు నవ్వారు. ఆవిడ పట్టించుకోకుండా కుడిచేత్తో పచ్చిపులుసు అన్నం నాలుగు ముద్దలు తిన్నది. తర్వాత చెయ్యి వెనక్కి లాక్కుని, "చాల్లే, ఇంక కాలతంది" అని చొక్కా కిందికి దించేసుకుని, అమ్మ దగ్గర ఇంకాస్త మామిడికాయ పచ్చడి అడిగింది.